మూడో నంబరు ఎవరిది

మా ఇంట్లో ఎవరినీ ఏదీ అడిగే అలవాటు లేదు. పెళ్ళికి వెళ్ళాలన్నా ఆ ఇంటి పెద్ద స్వయంగా గుమ్మంలోకి వచ్చి పిలవాలి. మనిషి చేత కబురు పంపితే మా నాన్నగారు ఆ వీధి మొహం కూడా చూసేవారు కాదు. భూములు పోయాయి గానీ ఈ పట్టింపు పోలేదు. బహుశా దాన్ని కొనేవాళ్ళు దొరక్కపోయి ఉంటారు.

అలాంటి ఇంట్లో పుట్టి, భీమవరం దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో నెట్‌వర్క్ చూసే ఉద్యోగంలో చేరాను. రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. కాలేజీ పెట్టినాయన రొయ్యల చెరువుల మీద పైకొచ్చిన మనిషి. కాలేజీ మెయిన్ బ్లాకు నిలబడ్డ చోటు ఒకప్పుడు మా కొబ్బరితోట. ఆయన్ని అందరూ 'ఛైర్మన్ సార్' అనేవారు. నేను 'ఏవండీ' అనేవాణ్ణి. ఆయన నన్ను 'బాబుగారూ' అనేవారు. అందులో గౌరవమెంతో వెటకారమెంతో ఆయనకే తెలియాలి.

నెట్‌వర్క్‌లో ప్రతి కంప్యూటర్‌కీ ఒక నంబరు ఉండాలి, ఇంటికి డోర్ నంబరు ఉన్నట్టు. ఒకే నంబరు రెండింటికి ఉండకూడదు. మా కాలేజీలో నాలుగు బ్లాకులు, ఒక్కో బ్లాకుకి ఒక్కో వరస. ప్రతి వరసలోనూ ఒకటో నంబరు రూటర్‌ది. ఆ బ్లాకు నుంచి ఏది బయటికి పోవాలన్నా ఆ పెట్టెలోంచే పోవాలి. మిగతా నంబర్లు నేనే ప్రతి మెషిన్ ముందూ కూర్చుని చేత్తో కొట్టి, ఒక పొడుగాటి పుస్తకంలో రాసుకునేవాణ్ణి. మెయిన్ బ్లాకులో ఒకటి రూటర్‌కి, రెండు సర్వర్‌కి, మూడు నా మెషిన్‌కి ఇచ్చుకున్నాను.

ఆ పుస్తకం సంగతి బయటికి పొక్కింది. అంతే, డాక్టరేట్లు ఉన్న పెద్దమనుషులు పంక్తిలో తమ ఆకు ఎక్కడ వేశారో చూసుకునే పెళ్ళివారైపోయారు. మెకానికల్ హెడ్డుగారు ఒకరోజు నా గదికి వచ్చారు.

"నాకు నలభై రెండేంటండీ? సివిలాయనకి పదిహేనట!"

"చిన్న నంబరైనంత మాత్రాన నెట్ తొందరగా రాదండి."

"తొందర కోసం కాదండీ బాబూ. చూడ్డానికి."

ఎవరు చూస్తారని అడగలేదు. పదిహేను దొరికిన సివిలాయనకైనా తృప్తి ఉందా అంటే అదీ లేదు. ఒక ఉదయం ఆ బ్లాకు మొత్తానికి నెట్ పోయింది. సగం రోజు వైర్లన్నీ తడుముకుంటూ తిరిగాక తేలిందేమిటంటే, ఆయన తన మెషిన్‌కి తనే ఒకటో నంబరు కొట్టుకున్నారు. రూటర్ నంబరు లాక్కుంటే బ్లాకులో ఎవరికీ దారి ఉండదని చెప్పాను.

"డిపార్టుమెంటుకి హెడ్డుని నేనండీ. ఒకటి నాకు కాక ఆ డబ్బాకా?" అన్నారు. ఆయన క్లాసులో పిల్లలకి కాలవల మీద వంతెనలు కట్టడం నేర్పుతున్నారు.

ఆ వారంలోనే ఛైర్మన్‌గారు పిలిపించారు. పది రోజుల్లో తనిఖీ కమిటీ వస్తోంది. కంప్యూటర్లన్నీ నెట్‌తో సహా చూపించాలి.

"ఆ రోజు ఒక్క మెషిన్‌కి నెట్ రాకపోయినా, మర్నాటి నుంచి మీరు శ్రమపడక్కర్లేదు బాబుగారూ," అన్నారు నవ్వుతూ.

నాకు ఇంకో ఉద్యోగం లేదు. వెతుక్కోవాలంటే ఎవరినో అడగాలి.

అందుకే పుస్తకం మూసేశాను. నంబర్లు సర్వరే పంచే పద్ధతి పెడదామనుకున్నాను. అందులో ప్రతి మెషిన్ లేవగానే "నాకో నంబరు ఇవ్వండి" అని కేకేస్తుంది. సర్వర్ తన దగ్గర ఖాళీగా ఉన్నది తీసి కొన్ని రోజుల గడువుకి ఇస్తుంది. హెడ్డని చూడదు, అటెండరని చూడదు. వీళ్ళందరికీ తగిన శాస్తి ఇదేననిపించింది.

మెయిన్ బ్లాకులో వెంటనే పనిచేసింది. మిగతా మూడు బ్లాకుల్లో ఒక్క మెషిన్‌కీ నంబరు రాలేదు. రెండు రోజులు సర్వర్‌ని విప్పి బిగించాను. మా ల్యాబులో ఒక అమ్మాయి పనిచేసేది. తునిలో కిరాణా కొట్టు వాళ్ళమ్మాయి, మాటకి మాట అప్పజెప్పే రకం. తనే అడిగింది, "సార్, ఆ కేక రూటర్ దాటుతోందంటారా?"

దాటదు. ఇది చదువుకున్నదే, గుర్తు రాలేదు. మా ఊళ్ళో కాలవకి ఈ గట్టు మీద కేకేస్తే ఆ గట్టుకి వినపడుతుంది. రూటర్ అంత మంచిది కాదు, ఊరంతటికీ వేసే కేకని తన గడప దాటనివ్వదు. దానికి చెప్పి పెట్టాలి: ఎవరైనా నంబరు కోసం కేకేస్తే, ఆ మాట నువ్వు తీసుకుని, ఏ బ్లాకు నుంచి వచ్చిందో జతచేసి, ఫలానా సర్వర్‌కి చేర్చు అని. సర్వర్ ఆ బ్లాకు వరసలోంచే నంబరు తీసి అదే దారిన పంపుతుంది. మూడు రూటర్లలోనూ ఆ ఒక్క ముక్క రాశాం. మధ్యాహ్నానికల్లా మూడు బ్లాకులూ లేచి కూర్చున్నాయి.

అప్పుడొక నోటీసు రాసి సంతకం పెట్టి బోర్డుకి అంటించాను. 'రూటర్లకు, సర్వర్‌కు తప్ప ఎవరికీ సొంత నంబరు లేదు. చేత్తో నంబరు కొట్టుకున్న మెషిన్‌ను నెట్‌వర్క్ నుంచి తీసివేస్తాం.' మెయిన్ బ్లాకులో పంపకం మూడు నుంచి మొదలయ్యేలా పెట్టాను. నా మెషిన్ సంగతి మర్చిపోయానంటే అబద్ధం. దాన్ని మినహాయింపుల్లో చేర్చాలంటే నోటీసులో నా పేరు రాయాలి, అది నావల్ల కాలేదు. పోనీ ఆ మూడు చెరిపి, అందరితోపాటు దాని చేతా అడిగిద్దామంటే అదీ చేతకాలేదు. మా తోటలో కూర్చుని నేను నంబరు అడగటమేమిటనుకున్నాను. తీరికున్నప్పుడు చూడొచ్చులే అని మెషిన్ ఆపేసి బ్లాకుల వెంట తిరిగాను.

తనిఖీకి ముందురోజు ఛైర్మన్‌గారు ఎదురుపడి భుజం తట్టారు.

"చూశారా బాబుగారూ, మీరు ఇవ్వకపోయినా మెషినే ఇచ్చింది. నాకు మూడో నంబరు!"

"ముందు ఎవరు ఆన్ చేస్తే వాళ్ళకి వస్తుందండి. అంతే."

"ఆయ్, అలాగే అనుకోండి," అని ఆయన వెళ్ళిపోయారు. ఆ మాట విన్నాక నాలో ఏదో మెదలాలి. మెదల్లేదు. అంత సంబరానికి నవ్వుకోవడంలో ఉన్నాను.

మర్నాడు పొద్దున్నే వచ్చి నా మెషిన్ ఆన్ చేసి, తెర వంకైనా చూడకుండా సివిల్ బ్లాకుకి వెళ్ళాను. సివిలాయన ఏం వెలగబెట్టారో చూడాలి కదా. ఆయన మెషిన్ బుద్ధిగా ఉంది. తిరిగొచ్చేసరికి మెయిన్ బ్లాకులో ఛైర్మన్‌గారి గది ముందు జనం. ఆయన మెషిన్ మీద, ఇదే నంబరు ఇంకొకరికి ఉందని హెచ్చరిక. నెట్ కాసేపు వస్తోంది, కాసేపు పోతోంది. కమిటీ వాళ్ళ కారు గేటు దగ్గర ఆగింది.

"ఎవడో చేత్తో కొట్టుకున్నాడు," అన్నారు సివిల్ హెడ్డుగారు మహా నిష్ఠగా. "నోటీసు పెట్టాక కూడా! పట్టుకుని పీకెయ్యాలండీ అలాంటివాణ్ణి."

తుని అమ్మాయి నన్ను పక్కకి పిలిచింది. "సార్, ఆ రెండోది మీ మెషినేనండి."

నా గది తలుపు వంక చూశాను.

"సర్వర్‌లోంచి ఛైర్మన్ సార్ నంబరు మార్చెయ్యమంటారా? ఎవరికీ తెలీదు." నేను తల అడ్డంగా ఊపేసరికి, "లేకపోతే మీరే కొత్త నంబరు అడగండి. నోరు తెరవక్కర్లేదు కదండీ, అడిగేది మెషినే," అంది.

నా గదిలోకి వెళ్ళి కూర్చున్నాను. ఆ మూడు చెరిపి, నంబరు తనంతట తానే తెచ్చుకోవాలన్న గడి నొక్కాను. రెండు మూడు క్షణాలు పట్టింది. నూట ముప్పై ఒకటి వచ్చింది. హాల్లోంచి ఎవరో "వచ్చిందండీ, వచ్చేసింది," అని అరిచారు.

కమిటీ వాళ్ళు చూడాల్సినవన్నీ చూశారు. ఆ వేళ అన్ని మెషిన్లకీ నెట్ ఉంది. వాళ్ళు భోజనాలకి కదిలాక ఛైర్మన్‌గారు హెడ్డులందరి ముందూ అడిగారు, "ఇంతకీ ఎవరండీ ఆ మహానుభావుడు?"

"నేనండి," అన్నాను. ఇంత కూడు కోసం అబద్ధమాడటం మాకు ఎవరూ నేర్పలేదు.

సివిలాయన నోరు తెరిచి అలాగే ఉంచారు. ఛైర్మన్‌గారు నన్ను ఒకసారి చూసి, పొట్ట పట్టుకుని నవ్వారు.

"అయితే నాకొచ్చింది మీ నంబరా బాబుగారూ! ముందే చెబితే ఇంకోటి తీసుకునేవాణ్ణి కదండీ. మీరు అడగాలి గానీ."

అందరూ నవ్వారు. ఉద్యోగం తీసేసి ఉంటే ఇంతకంటే తేలిగ్గా ఉండేది.

అక్కడ ఇంకో నాలుగేళ్ళు చేశాను. సర్వర్ ఏ నంబరైనా ఎనిమిది రోజుల గడువుకే ఇస్తుంది. నాలుగో రోజున మెషిన్ తనంతట తానే వెళ్ళి మళ్ళీ అడుగుతుంది, సర్వర్ మళ్ళీ ఇస్తుంది. సర్వర్ రాసుకునే చిట్టాని కాగితం మీద అచ్చు తీసినప్పుడల్లా ఆ వరస నాకు కనపడుతూనే ఉండేది: నూట ముప్పై ఒకటి అడిగింది, ఇచ్చాం. నాలుగు రోజుల తర్వాత మళ్ళీ అడిగింది, ఇచ్చాం. మొదట్లో ఆ కాగితం చూడకుండా మడిచి పెట్టేవాణ్ణి. తర్వాత తర్వాత చదివేవాణ్ణి.