ఆరు బాబిన్లు

నా చిన్నప్పుడు తిరువూరులో మా పక్కింటి తాతయ్య దర్జీ పని చేసేవారు. ఆయన చేతి కుట్టుకి వంక పెట్టలేం కానీ, ఆయన అలవాటొకటి నన్ను ఉడికించేది. మిషను అడుగున బాబిన్‌లో దారం అయిపోగానే లేచేవారు. నడుం విరుచుకుని, కుండలో నీళ్లు తాగి, వీధి మలుపు దాకా నడిచి వచ్చాక గానీ మళ్లీ దారం చుట్టేవారు కాదు.

ఓసారి, తెల్లారితే విస్సన్నపేటలో మా పిన్ని పెళ్లి. పొద్దున్నే బస్సు. మా ఇంటి బట్టలన్నీ ఆయన దగ్గరే ఉన్నాయి. నా పట్టు జాకెట్టు అన్నిటికంటే అడుగున ఉంది. మధ్యాహ్నం నుంచి కాపలా కూర్చున్నాను. ఆయన లేచినప్పుడల్లా కోపం, ఏడుపు కలిసి వచ్చేవి. ఇక ఓపిక పట్టలేక, ఆయన మలుపు దాకా వెళ్లినప్పుడు డబ్బాలో ఉన్న ఆరు బాబిన్లకీ దారం చుట్టేశాను.

"ఇంక లేవక్కర్లేదు తాతయ్యా!" అన్నాను. ఆయన నవ్వి, "సరేనమ్మా, నీ మాటే కానీ" అన్నారు.

నిజంగానే లేవలేదు. సాయంత్రమయ్యేసరికి, ఎప్పుడూ గొంతు పెంచని మనిషి, టీ తెచ్చిన ఆ ఇంటి మామ్మ మీద అరిచారు. బల్ల కదుపుతున్నానని నన్నూ కసిరారు. చివరికి నా జాకెట్టుకి ఎడమ చెయ్యి కుడి వైపు, కుడి చెయ్యి ఎడమ వైపు కుట్టేశారు. నేను బావురుమన్నాను.

ఆయన గోడ పట్టుకుని మెల్లగా లేచారు. నీళ్లు తాగి, నడిచి వచ్చి, నా పక్కన కూర్చున్నారు. "నీ తప్పు కాదమ్మా. పని సాగుతోంది కదా అని నేనే కూర్చుండిపోయా. నడుం పట్టేస్తే ముందు కోపమే వస్తుంది. నొప్పని తర్వాతెప్పుడో తెలుస్తుంది" అన్నారు. లోపలికెళ్లి మామ్మతో ఏదో మెల్లగా మాట్లాడి వచ్చాకే కుట్లు విప్పారు. పట్టు మీద పాత కుట్టు చిల్లులు మిగిలిపోయాయి. పెళ్లంతా భుజాలు చేత్తో కప్పుకుని తిరిగాను.

అరవై దాటిన నాకు, డాక్టరు నడవమంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. టీవీ ముందు గంటలకి గంటలు కూర్చుని, కోడలి మీద విరుచుకుపడబోతాను. నోటిదాకా వచ్చిన మాట ఆపుకుని, విసుక్కుంటూనే లేచి వీధిలోకి నడుస్తాను. తిరిగి వచ్చేసరికి, చాలాసార్లు, ఆ పిల్ల చేసిన తప్పేమిటో నాకు గుర్తుండదు.