సాత్తూరు గేటు దగ్గర నాలుగో మనిషి

సొంత కారులో కంపెనీ పని మీద తిరిగినందుకు నేను అడిగిన మైలు డబ్బు మేనేజరు ఇవ్వనన్నాడు. డబ్బు సంగతి ఎప్పుడో మరిచిపోయాను. నన్ను అబద్ధాలకోరు అన్నాడు, అదీ జిన్నింగు మిల్లు వసారాలో, బేళ్ళు మోసే కూలీల ఎదుట. అది మాత్రం మరిచిపోలేదు.

విరుదునగర్‌లోని ఒక పత్తి కంపెనీకి నేను కోవిల్‌పట్టి వైపు కొనుగోళ్ళు చూసేవాణ్ణి. ఎద్దుబండిలో పల్లెలకు చేరేసరికి పత్తి వేరేవాళ్ళు కొనేసేవారు. అందుకని తూత్తుకుడిలో ఒక ఉప్పు వ్యాపారి దగ్గర పాత కారు కొన్నాను. కంపెనీ మైలుకు ఇంత అని ఇచ్చేది. ఒక్కటే షరతు: బయటివాళ్ళెవరినీ ఎక్కించుకోకూడదు. ఎక్కించుకుంటే ఆ ప్రయాణానికి ఒక్క కానీ కూడా రాదు. డబ్బు అడిగిన ప్రతిసారీ ఆ కాగితం అడుగున, బయటివారెవరూ ఎక్కలేదని రాసి సంతకం పెట్టాలి.

ఆ రోజు కోవిల్‌పట్టిలో మా ఇంటి ముందు కారు ఎక్కుతున్నాం. నేను, కాటా వేసే మా మామ, పత్తి నమూనాలు పట్టే పనివాడు. అమ్మ గడప మీద నిలబడి అరిచింది.

"మూడు పేరుగానా పోయేది? బుద్ధుందా మీకు? ఒక రాయన్నా పెట్టుకోండ్రా!"

ముగ్గురు కలిసి బయలుదేరకూడదని మావాళ్ళ పట్టింపు. తప్పనప్పుడు ఒక రాయిని తోడు తీసుకుని, దాన్ని నాలుగో మనిషి అనుకుంటారు. చేరిన చోట దాన్ని మర్యాదగా దింపేయాలి. మామ చేనుగట్ల వైపు వెళ్ళి, చాలాసేపటికి కొబ్బరికాయంత రాయి పట్టుకొచ్చి వెనక సీటులో పెట్టాడు.

సాత్తూరు దాటాక సుంకం గేటు ఉండేది. అక్కడి ముసలి కాపలాదారు బండిలో ఎందరున్నారో వేళ్ళు చూపించి లోపలి రాతగాడికి చెప్పేవాడు. మమ్మల్ని చూసి నాలుగు వేళ్ళు ఎత్తాడు. రాయిని కూడా లెక్కేసి పరాచికమాడుతున్నాడని నవ్వుకున్నాం. సీటులో పడున్న రాయి గేటు దగ్గర నిలబడ్డవాడికి కనిపించదని అప్పుడు తట్టలేదు.

విరుదునగర్‌లో మామ ఆ రాయిని దింపలేదు. "మళ్ళీ ఎక్కడ వెతకను అబ్బయ్యా? పడుండనీ," అని సీటు కిందికి తోశాడు. ఆ తర్వాత ముగ్గురం వెళ్ళినప్పుడల్లా దాన్నే తీసి పైన పెట్టాడు. ప్రతిసారీ గేటు దగ్గర నాలుగు వేళ్ళే లేచాయి.

ఆ మాట మేనేజరు చెవిన పడింది. ఆయన గుంటూరు వైపువాడు. నేను నోరు తెరిస్తే ముందు నా తెలుగుకే నవ్వేవాడు.

"ఏమయ్యా, కంపెనీ డబ్బుతో బాడుగ కారు నడుపుతున్నావా? ఎవరా నాలుగో మనిషి?"

"రాయండీ."

"రాయా! మీ అరవ తెలుగులో అబద్ధాన్ని రాయి అంటారా?"

కూలీలందరూ నవ్వారు.

"మీరే వచ్చి నా కారులో కూర్చోండి. కాపలాదారును ఎదురుగా అడుగుదాం," అన్నాను.

వచ్చాడు. రైల్లో కోవిల్‌పట్టికి వచ్చి, తిరుగుదారిలో నా కారు ఎక్కాడు. ముందు నేనూ మామా, వెనక ఆయనా. మామ అడక్కుండానే రాయి తీసి ఆయన పక్కన పెట్టాడు. మిట్టమధ్యాహ్నం. రెండు పక్కలా పత్తి ఏరేసిన నల్లచేలు, నీడన్నది లేదు. వేడికి దారి కదిలినట్టు కనిపిస్తోంది. సాత్తూరు దాకా మేనేజరు ఏదో ఒకటి ఎత్తిపొడుస్తూనే ఉన్నాడు.

గేటు దగ్గర ముసలివాడు నాలుగు వేళ్ళు ఎత్తాడు.

"సరిగ్గా చూడవయ్యా, ముగ్గురమే," అన్నాడు మేనేజరు తనకొచ్చిన తమిళంలో.

"మీ పక్కన అమ్మ ఉంది కదా సామీ. ముసుగేసుకుని," అన్నాడు ముసలివాడు, మామూలుగా.

మేనేజరు తలుపు వైపుకు జరిగి కూర్చున్నాడు. కొంత దూరం పోయాక, "ఆపు," అన్నాడు. చేతిరుమాలుతో రాయిని పట్టుకుని దారిపక్క కాలవలోకి విసిరేశాడు. రుమాలుకు పసుపు అంటింది.

"ఎక్కణ్ణుంచి తెచ్చావు మామా?" అన్నాను.

మామ ముఖం పాలిపోయింది. "పేరంటాలమ్మ గట్టు మీద నుంచి. నల్లరేగడిలో రాయి ఇంకెక్కడ దొరుకుతుంది అబ్బయ్యా?"

ముత్తయిదువుగా పోయిన ఆడమనిషికి మావాళ్ళు చేనుగట్టున రాయి నిలిపి పసుపు పూసి మొక్కుతారు. ఊరి పొలిమేర దాటించి ఆమెను ఇన్నాళ్ళూ కారులో తిప్పాం. ఇప్పుడు నడిదారిలో దింపేశాం. వెనక్కి తిప్పుతానంటే మేనేజరు ఒప్పుకోలేదు. మర్నాడు నేనూ మామా వెళ్ళి ఆ కాలవంతా చేతులతో తడిమాం. రాయి లేదు.

నా మైలు డబ్బు మొత్తం మంజూరైంది. "కూలీల ముందు అన్న మాటను కూలీల ముందే వెనక్కి తీసుకోండి," అని అడిగాను. "డబ్బు ఇచ్చాం కదయ్యా," అన్నాడు. నేను అడగడం మానలేదు. ఆయన బదిలీ మీద వెళ్ళే రోజున స్టేషనుకు పోయి ప్లాట్‌ఫారం మీద కూడా అడిగాను. రైలుపెట్టె కిటికీ దించేసుకున్నాడు.

రాయి పోయిన వారం ఒంటరిగా సాత్తూరు గేటు దగ్గర కారు ఆపాను. ముసలివాడు లోపలికి తొంగి చూసి, కాస్త పక్కకు ఒదిగి, రెండు వేళ్ళు ఎత్తాడు.

నేను వెనక్కి తిరిగి చూడలేదు. కారు అమ్మేసేదాకా ఆ దారిలో ఎప్పుడూ చూడలేదు. ఒంటరిగా వెళ్ళిన ప్రతిసారీ రెండు వేళ్ళే. ఆఫీసులో గుమాస్తా నా కాగితం నా ముందుకే తోసేవాడు. "విరుదునగర్ దారి మైళ్ళు వేసుకోలేదేమండీ? మీకు రావలసిన డబ్బే కదా."

వేసుకుంటే అడుగున, బయటివారెవరూ ఎక్కలేదని రాసి సంతకం పెట్టాలి. పెడితే, వసారాలో ఆ పెద్దమనిషి నన్ను అన్న మాటే నిజమవుతుంది. ఆయనకు ఆ సంతోషం నేనివ్వను.