అమ్మ తలెత్తలేదు

పక్కింట్లో దిష్టి తీసిన మిరపకాయల ఘాటుకు దగ్గొచ్చింది. దగ్గుతో పాటు సిగ్గూ వచ్చింది.

చిన్నప్పుడు ఇబ్రహీంపట్నంలో ఐదో తరగతిలో మా ఇంగ్లీషు టీచర్ ‘రిగార్డ్’ అనే మాట చెప్పారు. చూడటమూ అదేనట, గౌరవించడమూ అదేనట. మనల్ని చూడనివాళ్లకు మనమంటే గౌరవం లేనట్టేనని అనుకున్నాను.

ఆ వారమే బడి వార్షికోత్సవం. నేను స్టేజీ మీద ఇంగ్లీషు పద్యం చెబుతుంటే, చేపలమ్మే మా అమ్మ ముందు వరసలో కూర్చుని తన కాళ్ల వంకే చూసుకుంది. మిగతా అమ్మలందరూ నన్నే చూస్తున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికొచ్చి అరిచాను. "నేనంటే నీకు రిగార్డే లేదు! ఒక్కసారన్న నా దిక్కు చూసినవా?"

అమ్మకు ఆ మాట తెలియదు. "కన్నతల్లి దిష్టి మస్తు చెడ్డది బిడ్డా. గందుకే తల వంచుకున్న" అంటూ ఎండుమిరపకాయలు నా చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. అవి నల్లగా మాడిపోయాయి గానీ ఘాటు రాలేదు. దిష్టి గట్టిగా తగిలితే ఘాటు రాదంటారు.

అమ్మ తప్పు చేసినదానిలా మొహం పక్కకు తిప్పుకుంది.

"ఆగలేకపోయిన బిడ్డా" అంది. "జరంత చూసిన."