ఉప్పునీళ్ళ బావి ఇంట్లో అంటు గులాబి

మొన్న మా మనవరాలు కల్లూరులో కట్టుకున్న కొత్త ఇంటికి నర్సరీ నుంచి గులాబి కుండీ ఒకటి తెచ్చి, మెట్ల పక్కన ఎండ తగిలే చోట పెట్టి, నన్ను పిలిచి చూపించింది. పొడుగాటి కాడ చివర ఒకే ఒక్క మొగ్గ, కుంకుమ కంటే చిక్కని ఎరుపు. నేను కళ్ళద్దాలు సవరించుకొని మొదట పువ్వు చూడలేదు, వంగి చెట్టు మొదలు చూశాను. అంటు ముడికి కిందినుంచి లేత ఇగురు ఒకటి నిగనిగలాడుతూ లేచి ఉంటే, నా చెయ్యి నన్నడగకుండానే పోయి దాన్ని గిల్లేసింది. ఆ పిల్ల, పచ్చని ఇగురు గిల్లుతావేమవ్వా, నీకేమన్నా మతి పోయిందా అని నా మీద కోప్పడింది. నవ్వేశాను గానీ ఆ రోజంతా అన్నం సహించలేదు.

కర్నూలు రాజధాని అయిన రోజులు మన ఈడువాళ్ళకు బాగా గుర్తుండే ఉంటాయి. గుడారాల్లో సర్కారు కచేరీలు, ఊరినిండా కొత్త ముఖాలు, పశువుల కొట్టాలకు సున్నం కొట్టించి అద్దెకిచ్చిన పుణ్యాత్ములు. అట్లాంటి ఒక గుడారంలోనే మా అన్నకు గుమాస్తా ఉద్యోగమొచ్చింది, ఆ ఏడే పెళ్ళీ అయింది. వదిన బెంగుళూరు పిల్ల. వాళ్ళ నాయన దొరల బంగళాల్లో పూలతోటలు పెంచిన మనిషి. కూతురిని కాపురానికి పంపేటప్పుడు అందరు తండ్రుల మాదిరి చీరా సారెతో ఆగకుండా, తన చేత్తో అంటు కట్టిన ఎర్రగులాబి మొక్కను మట్టికుండలో పెట్టి ఒళ్ళో ఉంచాడు. ద్రోణాచలంలో రైలు మారేటప్పుడు కూడా ఆమె ఆ కుండను ఎవరి చేతికీ ఇవ్వలేదని మా అన్న చాలా రోజులు ఎగతాళి చేసేవాడు.

మాది పాతూరిలో ఇరుకిల్లు. పెరడంటే నాలుగు గోడల నడుమ కడప బండలు పరిచిన వాకిలి, ఒక మూల బావి, అంతే. నాయన రెండు బండలు పెకిలించి గుంత తీసి, ఊరినుంచి ఎరువు తెప్పించి వేస్తే వదిన మొక్క నాటింది. బండల నడుమ చెట్టు బతకడం ఒక కష్టమైతే, నీళ్ళు ఇంకొక కష్టం. మా బావి నీళ్ళు ఉప్పునీళ్ళు, గిన్నెలు కడగడానికీ వాకిలి చల్లడానికీ తప్ప పనికిరావు. తాగడానికి తుంగభద్రకు పోవాల్సిందే, ఎండాకాలమైతే ఇసుకలో చెలమ తోడుకొని, నీళ్ళు ఊరేదాకా కూర్చొని, గిన్నెతో బిందె నింపుకోవాల్సిందే. బావినీళ్ళు పోస్తే వారంలోనే గులాబి ఆకుల అంచులు మాడిపోయాయి. అప్పటినుంచి వదిన తెల్లవారకముందే లేచి ఏటికి పోయి, ఇంటి నీళ్ళకు పైన ఇంకొక చిన్న బిందె తెచ్చి దానికి పోసేది.

మా అమ్మకు ఇది బొత్తిగా నచ్చలేదు. అమ్మ మెట్టసేద్యం ఇంటి మనిషి, వాన కోసం మొగం పైకెత్తి చూసే వాళ్ళలో పుట్టి పెరిగింది. "మనుషుల గొంతు తడవడానికే లేదు, చెట్టుకు మంచినీళ్ళా తల్లీ? అదీ కాడకొక పువ్వు. మాలకు రాదు, పూజకు చాలదు" అని సణిగేది. అంతకంటే అమ్మకు కంటగింపైంది ఇంకొకటుంది. వదిన అప్పుడప్పుడూ మొదట్లో లేచిన ఇగుర్లు గిల్లేసేది. ఒకరోజు అమ్మ చూసి, పచ్చని ఇగురు మీద గోరు పెట్టకూడదని, మా ఊర్లో ఎండిన చేన్లో ఒక్క మోసు లేచినా దణ్ణం పెట్టుకుంటారని, కొత్త కోడలివై ఇదేం పాడు పని అని గట్టిగానే కేకలేసింది. ఆ తర్వాత వదిన గిల్లడం మానలేదు గానీ, అమ్మ చూడని వేళ చూసుకొని గిల్లేది. ఎందుకు గిల్లుతుందో ఆమె చెప్పలేదు, అమ్మ అడగలేదు. అత్తాకోడళ్ళ మధ్య అప్పట్లో ఇట్లాంటివి చెప్పుకోకుండానే గడిచిపోయేవి.

మరుసటి ఎండాకాలం వాళ్ళ నాయనకు జబ్బుగా ఉందని కబురొచ్చి వదిన బెంగుళూరు పోయింది. పోతూ పోతూ నా చెయ్యి పట్టుకొని చెట్టుకు రోజూ మంచినీళ్ళు పొయ్యమని మరీ మరీ చెప్పింది. కింది ఇగుర్ల మాట చెప్పలేదు. అమ్మ పక్కనే నిలబడి ఉండె మరి, ఎట్లా చెప్తుంది? ఇప్పుడు తల్చుకుంటే అంతా తప్పిపోయిన చోటు అదే.

వదిన బెంగుళూరు చేరిన కొన్నాళ్ళకే వాళ్ళ నాయన పోయినాడు. ఆ కబురు విన్నరోజు అమ్మ చాలాసేపు వాకిట్లో ఆ చెట్టు ముందర కూర్చుంది. లేచి, "ఆ బిడ్డకు ఇంక తండ్రి చేతిది ఇదొక్కటే ఉండాది. ఆమె వచ్చేసరికి ఇది పచ్చగా ఉండల్ల" అనింది. అప్పటినుంచి మా అమ్మ వేరే మనిషైపోయింది. చెట్టుకు పాతచీర పందిరి వేసింది, బియ్యం కడిగిన నీళ్ళు పోసింది, పేడ ఎండబెట్టి పొడిచేసి వేసింది, మోకాళ్ళ నొప్పులతోనే నాతో పాటు ఏటికి వచ్చి చెలమ దగ్గర నిలబడింది. రాజధాని జనమంతా ఆ ఇసుకలోనే ఉన్నారేమో అన్నట్లుండేది, ఒక్కొక్కరోజు అరబిందెతో తిరిగొచ్చేవాళ్ళం. ఒక మధ్యాహ్నం దప్పికై నేను అమ్మ చెంబులో నీళ్ళు ఎత్తి తాగితే నోరంతా ఉప్పుకశం. మాకు మంచినీళ్ళు పెట్టి, చెట్టుకు మంచినీళ్ళు పోసి, తాను బావినీళ్ళు జీలకర్ర వేసి కాచుకొని తాగుతూంది. నాయనకు చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకుంది.

ఆ ఎండలకు పైకొమ్మలు ఒక్కొక్కటే నల్లబడి ఎండిపోసాగాయి. అమ్మ దిగులుతో అన్నం మానేసింది. అప్పుడే మొదట్లోంచి ఒక ఇగురు లేచింది, దాని పక్కన ఇంకొకటి, చూస్తూండగానే ముళ్ళతో, ఆకులతో గుబురుగా కమ్ముకున్నాయి. అమ్మ ఆనందం నేను చెప్పలేను. చెట్టు చచ్చి బతికిందని వీధిలో అందరికీ చెప్పుకుంది. తొలివానలకు చెట్టు నిండా పూలు, లేత గులాబిరంగు, గుత్తులు గుత్తులుగా, వాసనైతే వాకిలి దాటి వీధిలోకి. రంగు మారిందే అని నేనంటే, ఎండదెబ్బకు పాలిపోయింది, చలికాలానికి తిరుక్కుంటుందిలే అనింది. నాకు మాత్రం ఏం తెలుసు?

వదిన వచ్చినరోజు అమ్మ ఆమెను కాళ్ళు కూడా కడుక్కోనీయకుండా చెయ్యి పట్టుకొని వాకిట్లోకి తీసుకుపోయింది. వదిన చెట్టు చూసి అట్లే నిలబడిపోయింది. తర్వాత కూర్చొని, ముళ్ళు గీసుకుంటున్నా లెక్కచెయ్యక కొమ్మలు పక్కకు తీసి, లోపల ఎండి నల్లబడిన మోడును వేలితో తాకింది. "అత్తా, ఇది మా నాయన కట్టింది కాదు. ఆ అంటు చచ్చిపోయింది. ఇది కింది నాటు గులాబి" అనింది. పన్నీరు గులాబి వేరు మీద ఎర్రగులాబి కన్ను తెచ్చి అంటు కడతారని, కింది ఇగురు వదిలితే సత్తువంతా అదే లాక్కొని పైదాన్ని చంపేస్తుందని, అందుకే గిల్లేదని అప్పుడు చెప్పింది. గొంతు పెంచలేదు. అమ్మ మొగం చూడలేకపోయాను. అమ్మ, "నాకొక మాట చెప్పింటే కదమ్మా తెలిసేది" అని మాత్రం అని లోపలికి పోయింది.

తప్పెవరిదని చెప్తారు? ఏడాదికి పైగా ఆ ఇంట్లో ఇద్దరూ ఒకే పొయ్యి ముందర కూర్చొని ఉప్పూ పప్పూ మాటలు తప్ప వేరే మాట్లాడుకోలేదు. వదిన ఆ పూలు తలలో పెట్టుకోలేదు, అందుకని అమ్మ కొయ్యలేదు, అవి బండల మీద రాలిపోతుంటే నేను ఊడ్చేదాన్ని. అమ్మ తాగిన ఉప్పునీళ్ళ సంగతి వదినకు చెప్పేద్దామని నోటిదాకా వచ్చేది, ఒట్టు అడ్డమొచ్చేది. మా అన్న సంగతి సరే సరి, ఇంట్లో గొడవైతే గుడారంలోనే పని ఎక్కువుందనేవాడు.

అంతలో రాజధాని హైదరాబాదుకు పోయింది, దానితో మా అన్న కచేరీ కూడా. సామాన్లు జట్కాలోకి ఎక్కిస్తుండగా అమ్మ వదినను వాకిట్లోకి పిలిచింది. ఏడాదిగా మనసులో నలిగినదంతా ఒక్కసారి అడిగింది. "అమ్మా, ఈ కింది నాటును నాటిందెవరు?" వదిన, మా నాయనే అత్తా అనింది. "ముందు దీన్ని నాటి, ఇది వేరు పట్టినాకనే కదా దీని మీద ఆయన అంటు కట్టింది? అట్లయితే మీ నాయన చెయ్యి మొదట పడింది దీని మీదనే. పైది నా చేతిలో పోయింది, కాదనను. ఇది మాత్రం ఆయనదే తల్లీ."

వదిన తండ్రి పోయినాక మా ముందర ఏడ్చింది ఆ రోజే. బండల మీద కూలబడి, చిన్నపిల్ల మాదిరి వెక్కి వెక్కి ఏడ్చింది. అమ్మ పక్కన కూర్చొని తల నిమిరింది. జట్కావాడు కేకలేస్తున్నా ఇద్దరూ లేవలేదు. పోయేటప్పుడు వదిన తనే ఒక పువ్వు కోసుకొని తలలో పెట్టుకుంది. ఎర్రగులాబి బాధ తీరిందని నేననను, జట్కా మలుపు తిరిగేదాకా ఆమె కళ్ళు మా వాకిలి గోడ మీదనే ఉన్నాయి. ఆ తర్వాత మూడేళ్ళకు అమ్మ పోయింది, ఇల్లు చేతులు మారింది, ఆ వాకిట్లో ఇప్పుడు బట్టల అంగడి ఉండాది.

కల్లూరులో ఇప్పుడు కొళాయి తిప్పితే నీళ్ళు, బండి ఎక్కితే నర్సరీ. మనవరాలి గులాబి ఎండిపోతే ఆదివారం ఇంకొకటి తెచ్చుకుంటుంది, అందులో తప్పేమీ లేదు, నేనైనా అదే చేస్తాను. ఒక అంటు చచ్చిందని ఏడాదంతా ఒకే పొయ్యి ముందర కుమిలిపోయే ఓపిక మనకు కూడా పోయింది. ఆ బాధ మళ్ళీ ఎవరికీ వద్దు, శత్రువుకైనా వద్దు. అంత బాధపడగలిగిన ఆ ఇద్దరు మనుషులు మాత్రం నాకు కావాలి, శానా కావాలి.