తిరగేసిన పళ్లెం

నెల్లిమర్ల జ్ఞానసుందరికి లేసు ఎవరూ నేర్పలేదు. పెళ్లైన కొత్తలో చర్చి బల్ల మీది చిరిగిన లేసు గుడ్డ పారేస్తుంటే ఇంటికి తెచ్చుకుంది. ముడి తరువాత ముడి విప్పి, అదే దారంతో మళ్లీ అల్లింది. మూడు నెలలు పట్టింది.

అప్పటినుంచి చర్చి ఆడవాళ్లు పువ్వులు ఎవరిళ్లలో వాళ్లు అల్లినా, కలిపి కుట్టేది ఆమే. ప్రతి పువ్వునూ తిరగేసిన స్టీలు పళ్లెం మీద పెడుతుంది. కుట్టు తగ్గితే పువ్వు దొప్పలా లేస్తుంది, ఎక్కువైతే అంచు ముడతలు పడుతుంది. చదునుగా పడుకోకపోతే అల్లినమ్మ ఎదుటే దారం లాగేస్తుంది. మొన్న వాళ్లలో చిన్నదైన స్వర్ణవి నాలుగు పువ్వులు అలాగే పోయాయి.

"పెళ్లిసూపుల్లో కూడా ఇంతలా సూడరత్తా," అంది స్వర్ణ, ముక్కు ఎగబీలుస్తూ.

అది 2016. ఆదివారం ప్రభురాత్రి భోజనపు బల్లకి కొత్త గుడ్డ. నడిమి నాలుగు పువ్వులూ జ్ఞానసుందరివే. వానాకాలం నుంచి ఆమె కళ్లకు తెల్ల దారం మంచులా కనబడుతోంది. గోటితో తడిమి కుట్లు లెక్కపెట్టుకుంది, ఎవరికీ చెప్పలేదు. తన పువ్వుల్ని పళ్లెం మీద పెట్టలేదు. ముప్పై ఐదేళ్లలో ఎప్పుడూ పెట్టలేదు.

శనివారం మధ్యాహ్నం గుడ్డ పరిచి, బల్ల సర్దే రూబీ నడిమిన ద్రాక్షరసపు గిన్నె ఉంచింది. గిన్నె ఒరిగింది. బల్ల కాలు పొట్టిదంటూ రూబీ కాగితం మడిచి కింద పెట్టింది. అయినా ఒరిగింది.

జ్ఞానసుందరి గిన్నె కిందున్న తన పువ్వు మీద అరచెయ్యి ఆనించింది. దొప్పలా లేచి ఉంది. నోరు మెదపకపోతే నింద బల్ల కాలి మీదకే పోతుంది. చెబితే రేపటినుంచి కలిపి కుట్టే పని తనది కాదు. ఆ పని తప్ప ఈ చర్చిలో ఆమెకు వేరే పేరు లేదు. స్వర్ణ ఆమె చేతినే చూస్తోంది.

"స్వర్ణా, కత్తెర తే. ఈ పువ్వు ఇప్పీ."

"బల్లదే వంకర అత్తా."

"బల్లకేటీ అవలేదు. నా కళ్లకి పొర కమ్మీసింది."

రూబీ గిన్నె తీసి పక్కన పెట్టింది. స్వర్ణ అతుకులు కత్తిరించి, దారం కొస లాగింది. వరస తరువాత వరస ఊడుతుంటే, ఆ దారాన్ని జ్ఞానసుందరి ఉండ చుట్టింది. నాలుగో వరసలో ఒక కుట్టు తప్పిపోయిందని స్వర్ణ మెల్లగా చెప్పింది. మిగిలిన మూడూ విప్పమంది జ్ఞానసుందరి.

పొద్దు వాలేలోగా స్వర్ణ మొదటి పువ్వు అల్లింది. తిరగేసిన పళ్లెం మీద పెట్టి, ఎదురుచూసింది.

జ్ఞానసుందరి వంగలేదు.

"నువ్వే సూడు," అంది.