మా ఆయన కుడి భుజం

మా ఆయనకు నలభై ఆరో ఏట బరువులెత్తే పిచ్చి పట్టింది. పొద్దున్నే సత్తెనపల్లి జిమ్‌కు వెళ్లి, పాతికేళ్ల కుర్రాళ్ల పక్కన పడుకుని, ఇనుప కడ్డీని ఛాతీ మీదికి దించి పైకి తోసేవారు. "ఇంకో పది కేజీలు వేద్దాం బాబాయ్" అని వాళ్లు మునగచెట్టు ఎక్కించడం, ఈయన ఎక్కడం.

ఆ పది కేజీలే కొంప ముంచాయి. ఓ రోజు కుడి భుజంలో కలుక్కుమంది. నాకు చెప్పలేదు. వారం రోజులుగా ఎడం చేత్తో తల దువ్వుకుంటుంటే నేనే పట్టుకున్నాను. గుంటూరు తీసుకెళ్లి స్కాన్ తీయిస్తే, భుజంలో కండను ఎముకకు పట్టి ఉంచే టెండాన్ సగం తెగిందన్నారు డాక్టరుగారు. మూడు నెలలు బరువు ముట్టకూడదట. మిగతా సగం కూడా తెగితే ఆపరేషనే, ఆ తర్వాతైనా చెయ్యి మునుపటిలా లేస్తుందని చెప్పలేనన్నారు.

జిమ్ మానేశారు, ఆ ఒక్క పుణ్యం కట్టుకున్నారు. కానీ చేతిని మెడ పట్టీలో వేలాడేసుకుని, పలకరించిన ప్రతివాడికీ ఎనభై కేజీలు ఎత్తిన కథ చెప్పేవారు.

రెండు నెలలకు కల్లంలో మిరపకాయలు ఎండాయి. టిక్కీలకు, అదే గోనె బస్తాలకు, తొక్కించాం. ఒక్కో టిక్కీ నలభై కేజీల పైచిలుకు. గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లే మొదటి టిక్కీని ఇంటి పెద్దకొడుకే భుజాన మోసి లారీలో వేయాలని మా అత్తగారింట్లో ఆచారం. ఈ ఏడు మా మరిది వేస్తాడని ముందే చెప్పాను.

"ఏటేటా పెద్దోడి భుజం మీదే పోయిద్ది. ఇప్పుడు తప్పితే ఎట్టా?" అంది మా అత్త.

నేను కూలీలకు టీ పోసి బయటికి వచ్చేసరికి టిక్కీ ఈయన భుజం మీద ఉంది.

"ఏందండీ ఇది?"

"ఎడం భుజమేగా," అన్నారు.

ఏ భుజం మీద మోసినా, లారీలోకి తోయడానికి రెండు చేతులూ లేవాలన్న సంగతి ఆ మహానుభావుడికి తట్టలేదు. టిక్కీ లారీలో పడింది. మనిషి కింద కూలబడ్డారు.

గుంటూరు చేరేదాకా తిడుతూనే ఉన్నాను. భయమేసి తిడుతున్నానని మాత్రం చెప్పలేదు.

డాక్టరుగారు చెయ్యి పైకెత్తమన్నారు. జానెడు లేచి ఆగింది. పళ్లు బిగించి మళ్లీ ప్రయత్నించారు. అక్కడే ఆగింది. అప్పుడు ఆయన నా వంక చూశారు, ఇంకా తిట్టమన్నట్టు. నేను ఆ చేతిని మెల్లగా దించి ఆయన ఒళ్లో పెట్టాను.