ఖాళీగా వదిలిన ఆరో ప్రశ్న

పంతులమ్మగారు పోయారని సోమవారం పొద్దున్నే ఆవిడ కూతురు ఫోను చేసినప్పుడు, నా నోట వచ్చిన మొదటి మాట, "మరి దరఖాస్తో అమ్మా?" అన్నది. చెడ్డ మాటే. దాచుకుని ఏం లాభం? మా కొత్త పడవ కోసం పెట్టాల్సిన దరఖాస్తుకి శుక్రవారం సాయంత్రం దాకానే గడువు. అది రాస్తున్నది ఆవిడ ఒక్కరే.

ఆ పిల్ల నొచ్చుకోలేదు. "బల్ల మీదే ఉందండి. అమ్మ కవరు మీద మీ పేరు రాసి పెట్టింది," అంది. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు.

మాది ధవళేశ్వరం ఆనకట్టకి దిగువన గోదారి మధ్యలో ఉన్న లంక. రోడ్డు లేదు. జ్వరమొచ్చినా, నొప్పులొచ్చినా మా సంఘం పడవే దిక్కు. ఆ సంఘానికి నేను ప్రెసిడెంటుని. చదివింది మూడో తరగతి. సంతకం మాత్రం అక్షరం అక్షరం నిలబెట్టి చేస్తాను. వేలిముద్ర వేయమంటే ఎంత ఆఫీసరు చెప్పినా వేయను. పంతులమ్మగారు మా లంక బడికి ఏళ్ల తరబడి ఈ పడవలోనే వచ్చి వెళ్లారు. రిటైరయ్యాక మాకు సెక్రటరీ అయ్యారు.

పడవలో ఆవిడ ఊరికే కూర్చోగా నేను చూడలేదు. చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని, అడుగున ఊరే నీళ్లని డాల్డా డబ్బాతో తోడిపోస్తూనే లోకం కబుర్లన్నీ అడిగేవారు. "మీరెందుకండీ, మేం లేమా?" అంటే, "నేనూ ఈ పడవలోనే ఉన్నానుగా," అనేవారు.

గ్రాంట్లు వెతకడం కూడా అలాగే చేసేవారు. ఏ కంపెనీ సేవకని డబ్బు పక్కన పెట్టింది, ఏ ట్రస్టు ఎప్పుడు దరఖాస్తులు పిలుస్తుంది, అన్నీ పేపర్లోంచి కత్తిరించి నోటుబుక్కులో అంటించేవారు. ముందుగా చదివేది మాత్రం వాళ్లు ఎవరికి ఇవ్వరన్నది. "ఆ జాబితాలో మనం లేకపోతేనే మిగతాది చదవాలండి. ఉంటే నెల రోజుల చాకిరీ గోదాట్లో పోసినట్టే." రిజిస్ట్రేషను కాయితం, మూడేళ్ల ఆడిట్, పాన్ కార్డు అన్నీ మూడేసి నకళ్లు తీసి, తడవకుండా ఒకదాంట్లో ఒకటి రెండు ప్లాస్టిక్ కవర్లలో పెట్టేవారు.

కిందటేడు కాకినాడ నుంచి ఒక కంపెనీ వాళ్లు పడవ చూడ్డానికి వస్తామన్నారు. అప్పుడావిడ నిడదవోలులో కూతురింట్లో ఉన్నారు. "ఉన్నది ఉన్నట్టు చూపించండి," అని ఫోనులో చెప్పారు. నేను వింటేనా? పెద్దమనుషులొస్తుంటే మాసిన పడవ చూపిస్తామా? పడవని ఒడ్డుకి లాగించి, సందుల్లో గుడ్డపీలికలు కూరి, తారు పూయించి, నీలం రంగు వేయించాను. ముందు భాగానికి పసుపు కుంకుమలు, మావిడాకుల తోరణం. వచ్చినవాళ్లకి కొరమీను పులుసుతో భోజనం పెట్టించాను. వాళ్లు ఫొటోలు తీసుకున్నారు, పులుసు మెచ్చుకున్నారు, వెళ్లారు. నెలకి ఉత్తరం వచ్చింది: మీ పడవ మంచి స్థితిలో ఉన్నందున సాయం అవసరం లేదని భావిస్తున్నాం.

పంతులమ్మగారు ఆ ఉత్తరం చదివి కళ్లజోడు తీసి, కడుపు పట్టుకుని నవ్వారు. "ప్రెసిడెంటుగారూ! పెళ్లిచూపులకి పిల్లని ముస్తాబు చేశారండీ!" అన్నారు. తిడితే బాగుండును. నవ్వితే నాకు తల కొట్టేసినట్టయింది.

తరవాత వరదల్లో ఆ రంగు పడవే ఇంజను ఆగి మధ్య ఏట్లో నిలిచిపోయింది. అందులో నొప్పులు పడుతున్న మా లంక పిల్ల ఉంది. ఇంజను నా చేతిలో ఉంది. తెడ్లేసుకుని ఒడ్డు చేరేసరికి కాన్పయిపోయింది. తల్లి బతికింది. బిడ్డ ఏడవలేదు.

ఆ సంగతి నేను నా నోటితో ఎవరికీ చెప్పలేదు. ఈసారి దరఖాస్తులో ఆరో ప్రశ్న అదే అడిగింది: ఇప్పుడున్న ఏర్పాటు వల్ల ఎవరికైనా హాని జరిగిందా, వివరించండి. "ఏమీ లేదని రాసెయ్యండి," అన్నాను ఆవిడతో. లంక అంతటికీ తెలిసిన సంగతి ఆవిడకి తెలియదా? నా మొహంకేసి చూసి, "ఆరోది తరవాత చూద్దాంలెండి," అన్నారు. అదే ఆవిడ నాతో అన్న ఆఖరి మాట.

మంగళవారం కార్యక్రమాలయ్యాక కవరు విప్పాను. అన్నీ నింపారు. ఆరోది ఖాళీ. పక్కన పెన్సిలుతో చిన్నగా, "ఇది ప్రెసిడెంటుగారే రాయాలి."

రెండు రోజులు ఆ కాయితం ముందు కూర్చున్నాను. రాస్తే, చేతగానివాడని లోకం అంతా చదువుతుంది. రాయకపోతే గడువు పోతుంది, వచ్చే వరదకీ ఈ పడవే. మా ఆవిడ కాఫీ పెట్టి, "అంత మీసం పెట్టుకుని నాలుగు ముక్కలు రాయడానికి భయమేంటండీ?" అంది. శుక్రవారం మధ్యాహ్నం రాశాను. అక్షరాలు వంకరగా వచ్చాయి. "వరదలో ఇంజను ఆగింది. బిడ్డ పోయింది. నడిపింది నేనే. ఈ పడవ ఇంక పనికిరాదు."

నెట్ సెంటరతను ఆ పేజీ చూసి, "టైపు చేసిమ్మంటారా తాతగారూ?" అన్నాడు. వద్దన్నాను. అలాగే స్కాన్ చేసి ఎక్కించమన్నాను. సర్వరు రెండుసార్లు ఆగింది. గడువుకి కాస్త ముందు వెళ్లింది.

ఇప్పుడు దరఖాస్తు తీసుకున్నవాళ్లు పడవ చూడ్డానికి ఎప్పుడైనా రావచ్చట. ఫోను మోగితే ఉలిక్కిపడుతున్నాను. "కాస్త రంగన్నా వేయించండి," అంటోంది మా ఆవిడ. వేయించను. కిందటేటి నీలం పెచ్చులు లేచి కింద పాత చెక్క కనబడుతోంది, కనబడనీ. రోజూ పొద్దున్నే రేవుకి వెళ్లి చూస్తాను. రాత్రంతా ఊరిన నీళ్లలో, ఆవిడ కూర్చునే చోట, డాల్డా డబ్బా తేలుతూ చెక్కకి కొట్టుకుంటూ ఉంటుంది. కుచ్చెళ్లకి బదులు పంచె ఎగ్గట్టుకుని, అక్కడే కూర్చుని తోడుతున్నాను.